మార్సెయ్ రేవులో మేమిద్దరం

(సంఘం వార్షిక సమావేశంలో ఒక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠం)



విదేశం వెళ్ళి వచ్చినవాడు ఎలాగూ నోరు మూసుకుని ఉండడు, ఇంటింటికీ తిరిగి చెబుతాడు, అదేదో అందరికీ ఒక్కసారే చెప్పిస్తే పోతుందని మన కార్యదర్శి గారు నాకీ అవకాశం ఇచ్చారు. వారికి కృతజ్ఞతలు. నేను చరిత్ర పండితుణ్ణి కాను. కండక్టరుగా చేరి, ట్రాఫిక్ సూపర్వైజరుగా దిగినవాణ్ణి. ఏ ఊరు వెళ్ళినా గుడికన్నా ముందు బస్టాండు చూసే అలవాటు మీ అందరిలాగే నాకూ ఉంది. ఆ దృష్టితోనే చెబుతాను, తప్పులుంటే మన్నించండి.

మా అమ్మాయీ, అల్లుడూ ఫ్రాన్సు దేశం దక్షిణాన ఎక్స్ అనే పట్టణంలో ఉంటున్నారు. అక్కడికి దగ్గరలోనే సూర్యుడిలో పుట్టే శక్తిని నేల మీద పుట్టించాలని ఏడు భాగస్వాములు కలిసి ఒక పెద్ద యంత్రం కడుతున్నారు. దాని పేరు ఈటర్. మన దేశం కూడా అందులో భాగస్వామి. దాని బయటి ఉక్కు కవచం, 3,850 టన్నులది, మన దేశంలోనే ముక్కలుగా తయారై ఓడల మీద వెళ్ళింది. రేవులో దించిన ఆ సామాను కోసం 104 కిలోమీటర్ల దారిని వెడల్పు చేసి, వంతెనలు బలపరిచి, రాత్రిళ్ళు మాత్రమే బళ్ళు నడిపించారట. యంత్రం సంగతి అల్లుడు గంటసేపు చెప్పినా నాకు ఎక్కలేదు గాని, ఆ రోడ్డు సంగతి మాత్రం రెండుసార్లు చెప్పించుకున్నాను.

2024 ఏప్రిల్ ఆఖరున వెళ్ళి జూన్ ఆఖరుకు వచ్చాం. వెళ్ళదలచినవారికి నాలుగు ముక్కలు ముందే చెప్పేస్తాను. పిల్లల ఇంట్లో దిగేటట్లయితే, వాళ్ళు అక్కడి మునిసిపల్ ఆఫీసులో ఆతిథ్య ధ్రువపత్రం తీసికొని అసలు కాగితం మనకు పంపాలి. దానికి రోజులు పడతాయి, ముందుగా మొదలు పెట్టమనండి. వైద్య బీమా కనీసం 30,000 యూరోలకు ఉండాలి. మన వయసుకు బీమా ఖరీదు ఎక్కువే, అయినా బి.పి., షుగరు ఉన్న సంగతి దాచకుండా రాయండి. మందులు ప్రయాణం రోజులకన్నా పదిహేను రోజులకు ఎక్కువ పట్టుకెళ్ళండి, డాక్టరు చీటీతో సహా. ఎంత లేదన్నా 180 రోజుల్లో 90 రోజులకు మించి ఉండనివ్వరు. హైదరాబాదు నుంచి మార్సెయ్‌కి నేరుగా విమానం లేదు, దారిలో ఒకచోట మారాలి. చక్రాల కుర్చీ కావాలని టిక్కెట్టు కొన్నప్పుడే చెప్పండి. నేను నామోషీ పడి చెప్పలేదు. మా ఆవిడ మోకాళ్ళు ఆ పొరపాటు ఇప్పటికీ గుర్తు చేస్తుంటాయి.

అల్లుడికి తీరిక శని, ఆదివారాలే. మిగిలిన అయిదు రోజులూ ఇంట్లో కిటికీ దగ్గర కూర్చుని ఏం చేస్తాం? మూడో రోజున మా ఆవిడే అంది, "ఏమండీ, ముప్ఫై ఏళ్ళు జనాన్ని ఊళ్ళు తిప్పారు, నన్నొక్కదాన్ని తిప్పలేరా?" అని. అమ్మాయి వద్దంది. భాష రాదు, నాన్నా, తప్పిపోతారు అంది. ఎనిమిది కోట్ల మంది తిరిగే రాష్ట్రంలో సర్వీసులు నడిపినవాణ్ణి, నేను తప్పిపోవడమేమిటని బయల్దేరాను. ఆ మాటకు తగిన శాస్తి తరవాత జరిగింది, చెబుతాను.

ఎక్స్ నుంచి మార్సెయ్‌కి బస్సు. 30 కిలోమీటర్లు ఉంటుంది. రద్దీ వేళల్లో అయిదు పది నిమిషాలకొక బస్సు, మన విజయవాడ - గుంటూరు సర్వీసులలాగా. ఒకటి పోతే ఇంకొకటి. కండక్టరు ఉండడు, డ్రైవరే టిక్కెట్టు ఇస్తాడు. ఎక్కేటప్పుడు డ్రైవరుకు 'బోంజూర్' అని చెప్పాలి. చెప్పకపోతే వాళ్ళకు కష్టంగా ఉంటుంది. దిగేటప్పుడు 'మెర్సీ' అని కేకేసి దిగుతారు, బడి పిల్లలు కూడా. మన సర్వీసులో ఎన్ని లక్షల మందిని దించి ఉంటాం! ఆ ఒక్క మాట ఎవరన్నా అన్నారా అని అక్కడ బస్సులో కూర్చుని ఆలోచించాను. టిక్కెట్టు చేతిలో ఉంటే చాలదు, ఎక్కగానే యంత్రానికి చూపించాలి. చూపించకపోతే తనిఖీ వాళ్ళ దృష్టిలో మనం టిక్కెట్టు లేనివాళ్ళమే. తనిఖీ బాధ మనకు కొత్త కాదు గనుక నేను ఒకటికి రెండుసార్లు చూపించేవాణ్ణి.

బస్సు సెయింట్ షార్ల్ స్టేషను దగ్గర ఆగుతుంది. రైల్వే స్టేషనూ, బస్టాండూ, మెట్రో మూడూ ఒక్కచోటే. ఇది గొప్ప ఏర్పాటు. స్టేషను ముందు నుంచి ఊళ్ళోకి దిగడానికి 104 రాతి మెట్లున్నాయి, 1927లో ప్రారంభించారు. ఫొటోకు బాగుంటాయి, మోకాళ్ళకు బాగుండవు. మెట్రోలో రెండు స్టేషన్లు వెళ్తే పాత రేవు. అన్నట్టు, అక్కడి మెట్రో రబ్బరు టైర్ల మీద నడుస్తుంది. 1977 నుంచీ అంతే. నేను ప్లాట్‌ఫారం మీద వంగి టైర్లు చూస్తుంటే మా ఆవిడ చొక్కా పట్టుకుని వెనక్కి లాగింది.

పాత రేవు అంటే నేల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ. మూడు వైపులా ఊరు, నాలుగో వైపు ఇరుకైన ముఖద్వారం, దానికి రెండు పక్కలా రెండు కోటలు. ఆ కోటలు 14వ లూయీ రాజు కట్టించినవి, శత్రువుల మీద ఎంత కన్నో ఊరి జనం మీదా అంతే కన్ను, ఎందుకంటే మార్సెయ్ వాళ్ళు మాట వినే రకం కాదు. ఈ ఊరికి 2,600 ఏళ్ళు. ఇప్పటి టర్కీ తీరంలో ఉన్న ఫొకాయా అనే పట్టణం నుంచి గ్రీకులు ఓడల మీద వచ్చి స్థాపించారు. ఆ రోజున స్థానిక రాజు తన కూతురికి పెళ్ళికొడుకును ఎంచుతున్నాడట. విందులో ఎవరికి ఆ పిల్ల పాత్ర అందిస్తే వాడే వరుడు. ఆ అమ్మాయి అప్పుడే ఓడ దిగి వచ్చిన గ్రీకు పడుచువాడికి అందించిందని వాళ్ళ కథ. మన స్వయంవరమే గదండీ, పూలదండకు బదులు పాత్ర!

1967లో అంగళ్ళ భవనం కోసం పునాదులు తవ్వుతుంటే ఆ పాత గ్రీకు రేవు గోడలు బయటపడ్డాయి. దాన్ని పూడ్చెయ్యకుండా తోటలాగా ఉంచి, పక్కనే మ్యూజియం పెట్టారు. అంగళ్ళలోంచి బయటికి వస్తే రెండు వేల ఏళ్ళ నాటి రాళ్ళు.

నేను బందరు డిపోలో పదకొండేళ్ళు పనిచేశాను. మా ఆవిడదీ ఆ ప్రాంతమే. అక్కడ నిలబడి మేమిద్దరం అనుకున్నది బందరు గురించే. బందరులోనూ డచ్చివారు, ఇంగ్లీషువారు, 1669లో ఫ్రెంచివారు గిడ్డంగులు పెట్టారు. అదీ పెద్ద రేవే. కాని బందరు సముద్రానికి అడ్డు లేదు, లోతు లేదు, ఓడలు దూరంగా ఆగి పడవల్లో సరుకు చేరవలసిందే. 1864 నవంబరు 1 నాటి ఉప్పెనలో 30 వేల మంది పోయారు. మార్సెయ్‌కి రాతి కొండల మధ్య దాగిన పాయ దొరికింది. ఊళ్ళ తలరాత కూడా నేలను బట్టే ఉంటుంది.

అలాగని దానికి కష్టాలు లేవా? 1720లో సిరియా వైపు నుంచి వచ్చిన ఒక ఓడలో ప్లేగు ఉంది. ఓడను క్వారంటైనులో ఉంచవలసింది, సంతకు సరుకు అందాలని వర్తకులు తొందరపెట్టారు. ఊళ్ళో దాదాపు సగం మంది పోయారు. ఈ కథ విన్నప్పుడు 2020, 2021లలో మన సంఘం కోల్పోయిన వారి పేర్లు వరుసగా గుర్తొచ్చాయి. 1943లో జర్మన్లు రేవుకు ఉత్తరపు పేటను, అది తిరుగుబాటుదార్ల గూడు అని, 20 వేల మందిని ఖాళీ చేయించి, 1,500 దాకా ఇళ్ళను పేల్చేశారు. పురపాలక భవనం ఒకటీ, మరి కొన్నీ మిగిల్చారు. అందుకే రేవులో ఆ వైపు ఇళ్ళు కొత్తవి, వాటి వెనక కొండ మీది సందులు మాత్రం పాతవి.

ఉదయం తొమ్మిదింటికి రేవు గట్టున చేపలు అమ్ముతారు. మేం తినం గాని, బేరాలు చూడ్డానికి వెళ్ళేవాళ్ళం. పక్కనే 2013లో కట్టిన పెద్ద అద్దం కప్పు ఉంది. కింద నిలబడి పైకి చూస్తే మనం తలకిందులుగా కనపడతాం. రేవు ఈ గట్టు నుంచి ఆ గట్టుకు చిన్న పడవ నడుస్తుంది, 280 మీటర్లు. ఎక్కి కూర్చునే లోపల దిగమంటారు. రేవు ముఖద్వారం దగ్గర 2013లో కట్టిన పెద్ద మ్యూజియం, దాని పైనుంచి పాత కోట మీదికి గాలిలో వేలాడే కాలిబాట. ఆ బాట మీద తిరగడానికి టిక్కెట్టు లేదు. కొండ మీది నోత్ర్ దామ్ చర్చికి 60 నంబరు బస్సు ఉంది, నడిచి ఎక్కకండి. లోపల కప్పు నుంచి చిన్న చిన్న ఓడ బొమ్మలు వేలాడుతుంటాయి. తుపాను నుంచి బతికి వచ్చిన నావికులు మొక్కు చెల్లించినవి. మా ఆవిడ అక్కడ చాలాసేపు కూర్చుంది. మొక్కు అన్నది ఎవరిదైనా తెలుస్తుంది.

ఇక నాకు జరిగిన శాస్తి. నాలుగోసారో అయిదోసారో వెళ్ళాం. సాయంత్రం పాత రేవు మెట్రోలో జనం బాగా ఉన్నారు. మా ఆవిడ ముందు ఎక్కింది, నేను సంచి సర్దుకునేలోగా తలుపులు మూసుకున్నాయి. అద్దంలోంచి ఆవిడ మొహం కనపడింది, బండి వెళ్ళిపోయింది. ఆవిడ ఫోను నా చేతిసంచిలో ఉంది. ఆవిడకు వచ్చిన భాషలు తెలుగు, కాస్త హిందీ.

నా లెక్క ఏమిటంటే, ఆవిడ కంగారుపడి తరవాతి స్టేషన్లో దిగి నా కోసం నిలబడుతుంది. తరవాతి బండి ఎక్కి అక్కడ దిగాను, లేదు. ఒకవేళ వెనక్కి వచ్చిందేమోనని మళ్ళీ పాత రేవుకు వచ్చాను, లేదు. మళ్ళీ అటు, మళ్ళీ ఇటు. అక్కడి ఉద్యోగినికి ఫొటో చూపించాను. ఆమె మంచిగానే మాట్లాడింది, ఒక్క ముక్క అర్థం కాలేదు. అమ్మాయికి ఫోను చెయ్యాలి, చేస్తే ఏమని చెప్పాలి? మెట్లు ఎక్కుతూ దిగుతూ గంటా పది నిమిషాలు. నలభై రెండేళ్ళ సంసారంలో ఆవిడ ఎక్కడుందో నాకు తెలియని గంట అదొక్కటే. జేబులో బి.పి. మాత్ర ఉన్నా నీళ్ళు తాగడం గూడా తోచలేదు.

చివరికి అమ్మాయికి చెప్పేద్దామని సెయింట్ షార్ల్‌లో దిగి బయటికి వచ్చాను. ఎక్స్ బస్సు ఆగే చోట బల్ల మీద మా ఆవిడ కూర్చుని ఉంది. పక్కన తలకు గుడ్డ కట్టుకున్న ఒక ముసలావిడ, అల్జీరియా మనిషట, ఇద్దరూ ఒకే పొట్లంలోని ఖర్జూరాలు తింటున్నారు. వాళ్ళు ఏ భాషలో మాట్లాడుకున్నారో నాకిప్పటికీ తెలీదు. నా మొహం చూసి మా ఆవిడ అంది కదా, "మీరు ఏ ఊరు పోయినా చివరికి బస్టాండుకే వస్తారుగా. అందుకే ఇక్కడే కూర్చున్నాను."

నాకు కోపమూ వచ్చింది, కళ్ళ నీళ్ళూ వచ్చాయి. ఆ రోజు నుంచి ఇల్లు కదిలేముందే విడిపోతే ఎక్కడ కలవాలో చెప్పుకునే వాళ్ళం. ఎవరి ఫోను వాళ్ళ దగ్గరే, అమ్మాయి ఇంటి చిరునామా ఫ్రెంచిలో రాసిన చీటీ ఇద్దరి దగ్గరా. దయచేసి మీరు మొదటి రోజు నుంచే ఆ పని చెయ్యండి. సంచీ ముందువైపు వేసుకోండి, రద్దీలో జేబుదొంగలు అక్కడా ఉన్నారు.

రేవులోంచి పడవ మీద ఇరవై నిమిషాలు వెళ్తే ఈఫ్ అనే రాతి దీవి. మీలో కొందరు చదివిన 'కౌంట్ ఆఫ్ మాంటి క్రిస్టో' నవలలో నాయకుణ్ణి బంధించిన చెరసాల అదే. కోట నిజం, ఖైదీ కల్పన, అయినా ఆయన గదని ఒకటి చూపిస్తారు. నాకు అంతకన్నా వింతయింది ఇంకొకటి. ఆ కోట కట్టకముందు, 1516లో, మన దేశపు ఖడ్గమృగం ఒకటి ఆ దీవి మీద కొద్ది రోజులు ఉంది. గుజరాత్ సుల్తాను పోర్చుగీసులకు ఇచ్చాడు, వాళ్ళ రాజు దాన్ని పోపుకు కానుకగా పంపుతుంటే దారిలో ఇక్కడ ఆపారు. ఫ్రాన్సు రాజు వచ్చి చూసి వెళ్ళాడు. పాపం, ఇటలీ తీరం దగ్గర తుపానులో ఓడ మునిగింది, గొలుసులతో కట్టి ఉన్న జంతువు ఈదలేక చచ్చిపోయింది. మిస్ట్రాల్ అనే ఉత్తరపు గాలి వీచే రోజున ఆ దీవికి పడవలు ఉండవు. మేం రెండుసార్లు వెనక్కి వచ్చి మూడోసారి చూశాం.

చుట్టుపక్కల ఊళ్ళకు రైళ్ళు మంచివి. ఆర్ల్‌కు గంట లోపు. అక్కడ రోమన్లు క్రీ.శ. 90 ప్రాంతంలో కట్టిన వలయాకారపు క్రీడాశాల ఇప్పటికీ వాడకంలో ఉంది. వాన్ గో అనే చిత్రకారుడు 1888, 89లలో ఆ ఊళ్ళో ఉండి సుమారు 300 బొమ్మలు వేశాడు. అవిన్యోన్‌లో 1309 నుంచి 1377 దాకా పోపులు రోము విడిచి కాపురం ఉన్న భవంతి, 22 కమానుల్లో నాలుగే మిగిలిన వంతెన ఉన్నాయి. నాకు భవంతికన్నా వంతెన నచ్చింది. కసీస్ అనే చిన్న రేవు చాలా అందంగా ఉంటుంది గాని, స్టేషను నుంచి మూడు కిలోమీటర్లకు పైనే, స్టేషను బయట బస్సు వేళలు చూసుకోండి.

ఇక్కడొక చిక్కు. అవిన్యోన్‌కు రెండు స్టేషన్లు, ఊళ్ళో ఒకటి, వేగం రైలుకు ఊరి బయట ఒకటి. ఎక్స్‌కూ అంతే, వేగం రైలు స్టేషను ఊరికి పదిహేను కిలోమీటర్ల దూరంలో పొలాల మధ్య ఉంది. టిక్కెట్టు మీద ఊరి పేరు చూసి సంతోషించకుండా స్టేషను పేరు పూర్తిగా చదవండి. ఇంకొక మాట నేర్చుకోండి, 'గ్రెవ్'. అంటే సమ్మె. ఒకరోజు ఆర్ల్‌లో చిక్కుకున్నాం, రైళ్ళు సగం రద్దు. తెల్లమొహాలేసుకుని బోర్డు వైపు చూస్తుంటే నాకు నవ్వొచ్చింది. మన సమ్మెల రోజుల్లో బస్టాండులో ముసలీ ముతకా ఇలాగే కూర్చునేవాళ్ళు, మనం అటు డిపో గేటు దగ్గర జెండా పట్టుకుని ఉండేవాళ్ళం. రాత్రి పదింటికి ఇల్లు చేరాం. నేను వాళ్ళను ఒక్క మాట అనలేదు.

తిండికి బాధ లేదు. శనగపిండి ఉడికించి, గట్టిపడ్డాక ముక్కలు కోసి నూనెలో వేయిస్తారు, 'పనీస్' అంటారు. మా ఆవిడ దాన్ని కారం మరిచిపోయిన బజ్జీ అంది. నోఅయ్ బజారులో పచ్చిమిరపకాయలు, కొత్తిమీర కట్టలు దొరుకుతాయి.

మన దేశంవాళ్ళు ఈ రేవులో దిగడం ఈనాటిది కాదు. ఆ రోజుల్లో లండను వెళ్ళేవారు చాలామంది ఇక్కడ ఓడ దిగి రైలెక్కేవారు. 1910 జులై 8న సావర్కరు ఓడ కిటికీలోంచి దూకి గట్టెక్కింది ఇక్కడే, పట్టుబడి మళ్ళీ ఓడ ఎక్కింది ఇక్కడే. 1931 సెప్టెంబరు 11న గాంధీగారు రౌండ్ టేబిల్ సమావేశానికి వెళ్తూ దిగిందీ ఇక్కడే. 1914 సెప్టెంబరు 26న మన సైనికులు దిగి, ఇక్కడి నుంచే యుద్ధానికి వెళ్ళారు.

ఆ సైనికుల శ్మశానం ఊరికి దక్షిణంగా మజార్గ్ పేటలో ఉంది. మెట్రో దిగి బస్సెక్కి వెళ్ళాం. మేం తప్ప ఎవరూ లేరు. గడ్డి కత్తిరించి, తెల్లటి రాళ్ళు వరుసగా ఉన్నాయి. వెనకవైపు, దహనం చేసిన 205 మంది భారతీయుల స్మారకం. పేర్లు చదువుకుంటూ నడుస్తుంటే ఒక రాయి మీద 'డ్రైవర్' అని ఉంది. ఆగిపోయాను. ఆ పక్కన ఇంకొకటి, డ్రైవర్. వీళ్ళు కంచరగాడిదల బళ్ళు తోలినవాళ్ళు. తుపాకీ పట్టినవాళ్ళు కారు, తిండీ, మందుగుండూ మోసినవాళ్ళు. 1939 డిసెంబరు 26న కూడా కంచరగాడిదల దళాలు మన దేశం నుంచి వచ్చి ఈ రేవులోనే దిగాయి. నేను చెప్పులు విడిచి, ఆ రెండు రాళ్ళ ముందు కాసేపు నిలబడ్డాను. మా ఆవిడ దారిలో కోసిన నాలుగు గన్నేరు పూలు పెట్టింది. 2025 ఫిబ్రవరిలో మన ప్రధానీ, ఫ్రాన్సు అధ్యక్షుడూ అక్కడికి వెళ్ళి నివాళులు అర్పించారు, అదే రోజున మార్సెయ్‌లో మన కాన్సులేటు కూడా తెరిచారు. టి.వి.లో ఆ శ్మశానం కనపడగానే మా ఆవిడ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది.

చివరగా ఒక్క సంగతి. ఎక్స్ సంతలో బల్లల మీద పరిచే పూల అచ్చు గుడ్డలు అమ్ముతారు. వాటిని అక్కడ 'అందియెన్' అంటారు, అంటే ఇండియావి అని. మూడు నాలుగు వందల ఏళ్ళ క్రితం మన తీరం నుంచి అద్దకం బట్టలు ఓడల్లో వెళ్ళేవి. జనం ఎగబడి కొంటుంటే తమ నేతగాళ్ళు దెబ్బతింటున్నారని 1686లో ఫ్రాన్సు రాజు నిషేధించాడు. 1759 దాకా నిషేధం నడిచింది. ఈలోగా మార్సెయ్ వాళ్ళు ఆ అద్దకం నేర్చుకున్నారు, అదే ఇప్పుడు ఆ ప్రాంతపు సొంత గుడ్డ. మా ఆవిడ పుట్టిల్లు పెడన. చిన్నప్పుడు అద్దకం బల్లల మధ్య పెరిగింది. ఆ గుడ్డ చేతిలోకి తీసుకుని, తిరగేసి, "ఈ తీగ మనదేనండీ, ఆకు మాత్రం వీళ్ళు సరిగా దిద్దలేదు" అంది. ధర ఎక్కువని నేనంటున్నా వినకుండా కొంది.

ఇప్పుడు ఈ వేదిక మీద అధ్యక్షుల వారి ముందు బల్లకు పరిచింది ఆ గుడ్డే. టీ కప్పులు కాస్త చూసి పెట్టమని మా ఆవిడ మరీ మరీ చెప్పమంది. రైలు, బస్సు పటాలు నాలుగు కోశాధికారి గారి దగ్గర ఉంచాను, కావలసినవారు తీసుకెళ్ళి మళ్ళీ తెచ్చి ఇవ్వండి. సెలవు.